శిష్యురాలు అనే మాట

శిష్యుడు అనే మాటకి స్త్రీలింగ రూపం కొత్త నిబంధన గ్రీకు మూలంలో ఒక్కసారే వస్తుంది. అపొస్తలుల కార్యములు తొమ్మిదో అధ్యాయంలో, యొప్పే అనే ఊళ్ళో ఉన్న తబిత గురించి. ఆమెకే దొర్కా అని ఇంకో పేరు. మన తెలుగు అనువాదకులు దాన్ని చక్కగా 'శిష్యురాలు' అని రాశారు. ఆమె బట్టలు కుట్టేది. జబ్బుచేసి చనిపోతే, పేతురు వచ్చేసరికి ఊళ్ళోని విధవరాండ్రందరూ ఆమె కుట్టిచ్చిన అంగీలూ వస్త్రాలూ చూపిస్తూ ఏడ్చారు. తబిత ఎవరి దగ్గర నేర్చుకుందో, ఎవరికి నేర్పిందో అక్కడ లేదు. ఆ విధవరాండ్రు ఆమె చుట్టూ ఎట్లా చేరారో కూడా లేదు. మన సంఘాల్లో మాత్రం ఆమె పేరుమీద కుట్టుమిషన్ల క్లాసులు పెట్టారు. శిష్యత్వం గురించిన పాఠాల్లోకి ఆమెని పిలిచినవాళ్ళని నేను చూడలేదు.

ఈ వ్యాసం ఆ పాఠాల గురించి. సరిగ్గా చెప్పాలంటే, ఆ పాఠాలున్న పుస్తకాల గురించి. నాకు తెలిసిన క్రైస్తవ స్త్రీలలో చాలామంది నవల ముట్టరు, కవిత్వం అంటే కీర్తనలే. కానీ శిష్యరికం పుస్తకాలు, ప్రశ్నలకింద ఖాళీ గీతలు వదిలిన బైబిలు స్టడీ పుస్తకాలు వాళ్ళ దిండుకింద ఉంటాయి. పెన్నుతో గీతలు గీసి, అంచుల్లో తేదీలు వేసి చదువుతారు. ఇంత శ్రద్ధగా చదివే సాహిత్యాన్ని మనం సాహిత్యంగా లెక్కపెట్టం. స్త్రీవాద పత్రికలు వీటిని పట్టించుకోవు. చర్చి వీటిని విమర్శించనివ్వదు. పదేళ్ళపాటు ఒక చిన్న స్త్రీల బృందాన్ని నడిపినదాన్ని కాబట్టి ఆ రెండు మౌనాలూ నాకు బాగా తెలుసు.

ఈ తరహా పుస్తకాలకి మూలాలు వెతుక్కుంటూ పోతే చాలావరకు అమెరికాలో తేలతాం. 1933లో డాసన్ ట్రాట్‌మన్ మొదలుపెట్టిన నావిగేటర్స్ సంస్థ ఒక మనిషి ఇంకో మనిషిని దగ్గరుండి తీర్చిదిద్దడం అనే పద్ధతిని ప్రచారం చేసింది. 1963లో రాబర్ట్ కోల్‌మన్ 'ది మాస్టర్ ప్లాన్ ఆఫ్ ఇవాంజెలిజమ్' రాశాడు. యేసు జనసమూహాల్ని వదిలి పన్నెండుమందిని ఎట్లా ఎంచుకున్నాడు, వాళ్ళతో ఎట్లా కలిసి బతికాడు, ఎట్లా పని అప్పగించాడు, ఎట్లా పర్యవేక్షించాడు అని ఎనిమిది మెట్లుగా చెప్పిన పుస్తకం. మొదటిమెట్టు ఎంపిక, చివరిమెట్టు పునరుత్పత్తి. అందులో మంచిమాట ఉంది, కాదనను. మైకు ముందు అరిచే ప్రసంగం కంటే పక్కన కూర్చుని కలిసి తిన్న మనిషే మనల్ని మారుస్తాడని కోల్‌మన్ నమ్మాడు. నేనూ నమ్ముతాను. అయితే ఈ పద్ధతికి ఎక్కడ చూసినా ఆధారంగా చూపించే వచనం ఒకటుంది: పౌలు తిమోతికి రాసిన రెండో ఉత్తరం, రెండో అధ్యాయం, రెండో వచనం. పౌలు తిమోతికి నేర్పాడు, తిమోతి నమ్మకమైనవాళ్ళకి నేర్పాలి, వాళ్ళు ఇంకొందరికి నేర్పాలి. నాలుగు తరాలు. ప్రతి సెమినార్లోనూ బోర్డుమీద నాలుగు గళ్ళు గీసి, బాణాలు వేసి చూపిస్తారు.

నేను కూడా గీశాను ఆ గళ్ళు, ఎన్నోసార్లు. ఆ ఉత్తరం మొదటి అధ్యాయం అప్పటికే ఎన్నోసార్లు చదివినా నాకు తట్టలేదు. అక్కడ పౌలే చెప్తాడు తిమోతి విశ్వాసం మొదట ఎవరిలో ఉండేదో: అవ్వ లోయిలో, తర్వాత తల్లి యునీకేలో. మూడో అధ్యాయంలో మళ్ళీ గుర్తుచేస్తాడు, పసితనం నుంచే నీకు లేఖనాలు తెలుసు కదా అని. పసిపిల్లాడికి లేఖనాలు ఎవరు చెప్పి ఉంటారు? ఉత్తరం తెరవగానే లోయి, యునీకే, తిమోతి అని మూడు తరాల గొలుసు కళ్ళముందే ఉంటే, మనం పేజీ తిప్పి పౌలు దగ్గర్నుంచి లెక్క మొదలుపెడతాం. ఇంట్లో జరిగింది పెంపకం, బయట జరిగింది శిష్యరికం. మన సాహిత్య చరిత్రలో అమ్మమ్మ చెప్పిన కథకి, అచ్చయిన కథకి మధ్య గీసిన గీత ఇదే కదా. ఇంకోమాట. ఆ రెండో అధ్యాయంలో 'నమ్మకమైన' అన్న విశేషణం పక్కన ఉన్న గ్రీకు మాట మగవాళ్ళకే చెందింది కాదు. తెలుగులోనూ 'మనుష్యులు' అనే ఉంది. ఇంగ్లీషు నోట్సుల్లో 'మెన్' అయి, మన సెమినార్లలోకి వచ్చేసరికి 'సహోదరులు' అయింది.

చిన్న బృందం అనేది అమెరికా నుంచి దిగుమతైన కొత్త సంగతి అని అనుకునేవాళ్ళకి ఒంగోలు కొండ గుర్తుచేయాలి. 1854 జనవరి ఒకటి తెల్లవారుజామున అయిదుగురు ఆ కొండెక్కి ప్రార్థన చేశారు. దొర లైమన్ జ్యూయెట్, దొరసాని, క్రిస్టియన్ నర్సు అనే తెలుగు విశ్వాసి, జూలియా, రూతు. తెలుగు బాప్టిస్టు మిషన్ మూసేద్దామా అని అమెరికాలో చర్చ జరుగుతున్న రోజులవి. ఆ కొండ ఇప్పటికీ ప్రార్థనకొండే. అయిదుగురిలో ముగ్గురు ఆడవాళ్ళు. ఒక్కసారి వేళ్ళమీద లెక్కపెట్టి చూడండి, ఎందుకంటే నాకు చిన్నప్పటినుంచీ సండే స్కూల్లో చెప్పిన కథలో జ్యూయెట్ దొర కొండెక్కాడు, అంతే. దిగువన నాగజెముడు పెరిగిన మెరక చూపించి, ఒకరోజు అక్కడ మన బంగళా ఉంటుందని ఆయన అన్నమాట తరతరాలుగా చెప్పుకుంటున్నాం. ఆ మాట ఆయన జూలియాతో అన్నాడు. కథలో జూలియా ఉన్నది ఆ మాట వినడానికే. ఆ చలిలో ఆమె ఏమని ప్రార్థించిందో నాకెవరూ చెప్పలేదు. ప్రార్థించే ఉంటుంది, ఎక్కింది అందుకే కదా.

ఆ తర్వాత పన్నెండేళ్ళకి, 1866లో, ఎర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ కుటుంబం. పేరయ్య అంతకుముందే ఒక యోగ గురువుకి శిష్యుడు. ఆ పల్లెల్లో మతం చుట్టరికాల వెంట, పెళ్ళిసంబంధాల వెంట, తోళ్ళ బేరాల వెంట నడిచింది. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చువేసిన 'వైల్ సూయింగ్ శాండల్స్' చదివితే అది తెలుస్తుంది. ఆమె అత్తింటి, పుట్టింటి మిషనరీ గర్వం ఆ పుస్తకంలో అక్కడక్కడా తగులుతుంది గానీ, చెప్పులు కుట్టుకుంటూ చెప్పుకున్న కథల్ని కథలుగానే విన్న ఓపిక ఆమెది. ఇదెందుకు చెప్తున్నానంటే, మన దగ్గర శిష్యత్వం అనే మాట ఖాళీ పాత్ర కాదు. అందులో గురువు అప్పటికే కూర్చుని ఉన్నాడు. గురువు మాట జవదాటకపోవడం, గురువు కాళ్ళకి మొక్కడం, గురువుకి అన్నీ చెప్పేసుకోవడం ఆ మాటతోపాటే వచ్చాయి. పశ్చిమం నుంచి వచ్చిన 'పర్యవేక్షణ' దానికి తోడైంది. కులం సంగతి వేరే చెప్పాలా? కూటం ఎవరింట్లో పెడతారు, టీ ఎవరింట్లో తాగుతారు అన్నది ఇప్పటికీ వాక్యం కంటే ముందే తేలిపోయే విషయం. జి. కల్యాణరావు 'అంటరాని వసంతం' 2000లో వచ్చినప్పుడు నన్ను ఆపేసింది అందులోని మతచర్చ కాదు. తరాల చరిత్రంతా రూతు అనే స్త్రీ జ్ఞాపకంలోంచి రావడం. కొండమీద రూతుకి ఈ రూతు జవాబిచ్చినట్టనిపించింది. రచయిత అలా అనుకుని రాశాడని కాదు, నేనలా చదువుకున్నాను.

వ్యక్తిగత సంబంధం ద్వారా శిష్యత్వం అన్నప్పుడు ఆ సంబంధం లోపల ఏం జరుగుతుందో అక్షరాల్లో దొరకడం అరుదు. నాకు తెలిసినంతలో దానికి మించిన పుస్తకం లేదు అనిపించేది పండిత రమాబాయి ఉత్తరాలు. 1883లో ఆమె ఇంగ్లండు వెళ్ళి, వాంటేజ్‌లో ఆంగ్లికన్ సిస్టర్ల దగ్గర ఉండి, ఆ సెప్టెంబరులో కూతురు మనోరమతోపాటు బాప్తిస్మం తీసుకుంది. సిస్టర్ జెరాల్డీన్ ఆమెకి ఆత్మీయ తల్లి. ఆ తర్వాత చెల్టెన్‌హామ్ కాలేజీకి వెళ్ళాక ఇద్దరిమధ్యా ఉత్తరాలు. తల్లి బిడ్డకి రాసినట్టే రాస్తుంది జెరాల్డీన్. ప్రేమ ఉంది, అబద్ధం కాదు. కానీ ఆ ప్రేమకి ఒక షరతు: నీ ప్రశ్నలు నా దగ్గరకి రావాలి, నా జవాబు దగ్గర ఆగాలి. రమాబాయి ఆగదు. త్రిత్వం గురించి అడుగుతుంది. మెడలో వేసుకునే సిలువమీద లాటిన్ ఎందుకు, సంస్కృతం ఎందుకు కాదు అంటుంది. మాంసం ముట్టనంటుంది. మగపిల్లలకి పాఠం చెప్పడానికి వీల్లేదని ఇక్కడి బిషప్పులు అడ్డుపడితే, ఎందుకని నిలదీస్తుంది. ఒక పురోహిత వర్గం కాడి కష్టపడి దించుకున్నది ఇంకో కాడి మెడమీద పెట్టుకోవడానికి కాదని తేల్చి చెప్పేస్తుంది. జెరాల్డీన్‌కి ఇదంతా గర్వంగా, అవిధేయతగా కనిపిస్తుంది.

ఇక్కడ నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటుంది. ఆ ఉత్తరాలన్నీ పోగుచేసి భద్రపరిచింది జెరాల్డీనే. 1977లో ఎ.బి. షా సంపాదకత్వంలో అవి బొంబాయిలో అచ్చయ్యాయి. చెప్పినమాట వినని శిష్యురాలి ప్రతి మాటనీ గురువు దాచిపెట్టింది. తన ఓటమిని దాచుకున్నట్టా, తన బిడ్డని దాచుకున్నట్టా? ఈ ప్రశ్నకి ఒక్కోసారి చదివినప్పుడు ఒక్కో జవాబు వస్తుంది నాకు. మన విమర్శకులు రమాబాయిని వీరనారిగా నిలబెట్టి జెరాల్డీన్‌ని సామ్రాజ్యవాదిగా పక్కకి తోసేస్తారు. అది సగమే నిజం. నేను జెరాల్డీన్‌ని అంత తేలిగ్గా తోసెయ్యలేను. ఆమె కుర్చీలో నేను కూర్చున్నాను.

మా బృందం గురువారం మధ్యాహ్నం మూడింటికి కూడేది. మగవాళ్ళు పనుల్లో, పిల్లలు బళ్ళో ఉండే వేళ. ఎనిమిదిమంది, ఒక్కోసారి పది. చాపలమీద కూర్చునేవాళ్ళం. బడిపంతులమ్మలు ఇద్దరు, మిషన్ కుట్టే ఆమె, పెళ్ళిళ్ళకి వంటచేసే పెద్దమ్మ, మిగతావాళ్ళు ఇంటిపట్టున ఉండేవాళ్ళు. పెద్దమ్మకి చదువు రాదు. వాక్యం ఎవరైనా చదివితే కళ్ళు మూసుకుని వినేది. నా దగ్గర పుస్తకం ఉండేది. ఆ పుస్తకం పద్ధతి మూడు మెట్లు: పరిశీలన, అర్థం, అన్వయం. ఏముంది, ఏమని అర్థం, నేనేం చెయ్యాలి. విమర్శ నేర్చుకునే ఎవరికైనా మొదటిమెట్టు ఎంత విలువైనదో తెలుసు. చిక్కల్లా మూడోమెట్టుకి ఉన్న తొందర. ప్రశ్నల పుస్తకంలో మొదటిదానికి రెండు గీతలు, మూడోదానికి ఎనిమిది గీతలు ఖాళీ వదిలారు. పైగా జవాబు వెనకపేజీలో ఉంటుంది.

మార్త, మరియల పాఠం ఇలాగే పోయింది మా దగ్గర. యేసు పాదాల దగ్గర కూర్చోవడం అంటే భక్తి అని ఉంది వెనకపేజీలో. పౌలు తాను గమలీయేలు పాదాలదగ్గర పెరిగానంటాడు, అంటే ఆయన దగ్గర చదువుకున్నానని. మరియ కూడా అట్లాగే శిష్యుడు కూర్చునే చోట కూర్చుంది. ఆ సంగతి నేను వేరేచోట చదివి మా వాళ్ళకి చెప్తే అందరికీ సంతోషం వేసింది. అంతా అయ్యాక మిషన్ కుట్టే ఆమె లేచి, "మరి టీ ఎవరు పెడతారక్కా?" అంది. నవ్వాం. టీ పెద్దమ్మే పెట్టింది.

తర్వాత వచ్చింది సమూయేలు మొదటి గ్రంథం ఇరవై అయిదో అధ్యాయం, అబీగయీలు పాఠం. నాబాలు మొరటువాడు, ధనవంతుడు. గొర్రెల బొచ్చు కత్తిరించే పండగ చేస్తుంటాడు. దావీదు మనుషులు తిండి అడిగితే అవమానించి పంపుతాడు. దావీదు నాలుగువందలమందితో కత్తులు కట్టుకుని బయల్దేరతాడు. అబీగయీలు గాడిదలమీద తిండి వేయించుకుని ఎదురెళ్ళి ఆపుతుంది. నా పుస్తకంలో పాఠం పేరు 'సహనంగల భార్య'. ప్రశ్న: కఠినుడైన భర్తతో జ్ఞానంగా ఎలా మెలగాలి? ఎనిమిది గీతలు ఖాళీ.

పంతులమ్మ చదువుతోంది. రెండువందల రొట్టెలు, రెండు తిత్తుల ద్రాక్షారసం, వండిన గొర్రెలు అయిదు, వేయించిన ధాన్యం అయిదు మానికలు, ద్రాక్షగెలలు వంద, అంజూరపు అడలు రెండువందలు. నేను ప్రశ్నకి వెళ్ళబోతుంటే పెద్దమ్మ కళ్ళు తెరిచింది.

"ఆగమ్మాయ్. ఇవన్నీ చెప్పంగానే ఎట్టా వచ్చినయ్?"

నాకు అర్థం కాలేదు. పండగ కదా పెద్దమ్మా, వండే ఉంటారన్నాను.

"వండుతారు. మొగుడికి తెలియకుండా రెండొందల రొట్టెలు బయటికెట్టా పోతయ్? ఆ ఇంట్లో దేనిమీద లెక్క ఎంతో, ఎంత తీస్తే కనపడదో ఆమెకి ముందే తెలుసు. అంటే ఇది మొదటిసారి కాదు."

వ్యాఖ్యాన గ్రంథాలు నేను కొన్ని చదివాను. ఈ మాట నాకు ఎక్కడా తగల్లేదు. జాబితాని వర్ణనగా చదివేవాళ్ళకి, దాన్ని వంటమనిషిగా చదివే ఆమెకి తేడా అది. పనివాడు కూడా తిన్నగా అబీగయీలు దగ్గరికే వచ్చి చెప్తాడు, మన అయ్యతో మాట్లాడలేమని. అంటే ఇంట్లో అందరికీ తెలుసు ఎవరి దగ్గరికి పోవాలో. పెద్దమ్మ అదికూడా పట్టుకుంది. అప్పుడు మూలన కూర్చున్న అమ్మాయి, మా బృందంలో అందరికంటే చిన్నది, తన బైబిల్లోంచి తర్వాతి వచనం తనే చదివింది. అబీగయీలు ఈ సంగతి భర్తకి చెప్పలేదని ఉంది అక్కడ. చదివి మళ్ళీ చదివింది. ఆ తర్వాత జాకెట్టు చెయ్యి పైకి లాగి చూపించింది.

ఆరోజు ప్రశ్న అడగలేదు నేను. అందరం ఏడ్చాం, ప్రార్థన చేశాం. ఇంతవరకూ చెబితే ఇది సాక్ష్యం అవుతుంది, మహిళా కూటాల్లో చప్పట్లు కొట్టే కథ అవుతుంది.

నా దగ్గర ప్రార్థనాంశాల నోటుపుస్తకం ఒకటి ఉండేది. పేరు, ఎదురుగా అంశం. ఆ అమ్మాయి పేరు రాసి, 'కుటుంబ సమాధానం కోసం' అని రాశాను. దెబ్బలు అని రాయలేకపోయాను, భాష చాలక కాదు, ఆ పుస్తకంలో ఆ మాటకి చోటు లేదనిపించి. ఆ వారం పాస్టరమ్మగారికి చెప్పాను. పర్యవేక్షించేవాళ్ళకి చెప్పడం నా బాధ్యత అని పద్ధతి నేర్పింది. మంచి మనసుతోనే చెప్పాను, జెరాల్డీన్ కూడా మంచి మనసుతోనే రాసి ఉంటుంది. ఆదివారం సాయంత్రం పెద్దలు ఆ ఇంటికి వెళ్ళి, భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి వాక్యం చెప్పి, చేతులు కలిపి ప్రార్థన చేసి వచ్చారు. వాళ్ళు గేటు దాటాక ఏం జరిగి ఉంటుందో ఈ పత్రిక పాఠకులకి నేను చెప్పక్కర్లేదు.

రెండు గురువారాలు ఆమె రాలేదు. మూడోవారం తెలిసింది, పుట్టింటికి వెళ్ళిపోయిందని. చీటీ డబ్బుల్లోంచి బస్సు ఛార్జీ ఇచ్చి, తెల్లవారుజామున బస్టాండుదాకా తోడు వెళ్ళింది పెద్దమ్మ. రెండు పూటలకి సరిపడా అన్నం కట్టిచ్చింది. ఇదంతా నాకు మిషన్ కుట్టే ఆమె ద్వారా తెలిసింది. పెద్దమ్మ నాకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని నేను అడగలేదు, ఆ వచనం నాకు అప్పటికి కంఠతా వచ్చు.

అబీగయీలుని ఆదర్శమూర్తిని చెయ్యడం నా ఉద్దేశం కాదు. ఆమె దావీదు ముందు సాష్టాంగపడుతుంది. నాబాలు చచ్చాక, దాసుల కాళ్ళు కడిగే దాసినంటూ దావీదు ఇంటికి వెళ్తుంది, అతని భార్యల్లో ఒకతెగా. ఆ అధ్యాయం చివర అహీనోయము పేరు కూడా ఉంది, చాలా ప్రసంగాల్లో దాకా రాదు అది. ఒక కాడి దించుకున్న రమాబాయి ఇంకోటి ఎత్తుకోలేదు. ఎవరి భుజాలమీదా ఆనకుండా తనే హీబ్రూ, గ్రీకు నేర్చుకుని మామూలు మరాఠీలోకి బైబిలు అనువదించింది. అబీగయీలుకి ఆ వీలు లేదు. మా బృందంలో చాలామందికీ లేదు. వాళ్ళకి ఉన్నది ఒక గురువారం మధ్యాహ్నం, ఒక చాప, వాక్యాన్ని తమ వంటింటి లెక్కతో కొలిచే హక్కు. ఆ హక్కుని నా ప్రశ్నల పుస్తకం ఇవ్వలేదు, కానీ ఆ పుస్తకం పేరుమీద కూడకపోతే ఆ గదిలో అది పుట్టేదీ కాదు. పద్ధతిని తప్పుపట్టి తప్పుకుందామనుకున్నప్పుడల్లా ఈ ముడి దగ్గరే ఆగిపోతున్నాను.

బృందం ఆగలేదు. నోటుపుస్తకం మానేశాను, ఎవరి అంశం వాళ్ళు చెప్పుకుంటారు, అక్కడే ఉండిపోతుంది. పైవాళ్ళు లెక్క అడిగితే ఎంతమంది వచ్చారో చెప్తాను. నాయకురాలిగా నన్నే ఉంచారు గానీ పాఠం ఎవరు చెప్పాలో వంతులు వేసుకున్నాం. పెద్దమ్మ వంతు వచ్చినప్పుడు ఎవరో ఒకరు అధ్యాయం చదివిపెడతారు. పోయినసారి తబిత కథ చదివించుకుంది. విని, కాసేపు ఊరుకుని, "ఆ విధవరాండ్రు చూపించిన గుడ్డలు ఎవరివి? వాళ్ళ ఒంటిమీదవేనా?" అని అడిగింది. పంతులమ్మ బైబిలు మళ్ళీ తెరిచి వెతకసాగింది.